పితూరీ అంటే తిరుగుబాటా, చాడీలు చెప్పడమా?

సత్యనారాయణపురం శ్రీను
నిన్న రాత్రి మా అమ్మాయి సోషల్ నోట్సు ముందేసుకుని కూర్చుంది. ఎనిమిదో తరగతి. ఉన్నట్టుండి "నాన్నా, రంపావాళ్లు ఎవరి మీద పితూరీ చెప్పారు?" అని అడిగింది. నోట్సు చూస్తే "1879 రంపా పితూరీ" అని ఉంది, గోదావరి ఏజెన్సీ కొండల్లోని రంపా. పితూరీ అంటే తిరుగుబాటమ్మా అన్నాను. నమ్మలేదు. "తమ్ముడు రోజూ నా మీద నీకు చెప్పేవి పితూరీలే కదా, మరి వాడిది కూడా తిరుగుబాటా?" అంది. పక్కగదిలోంచి మా అమ్మ "పితూరీ అంటే చాడీలేరా, నువ్వేదో చెప్పి పిల్లని తికమక పెట్టకు" అని తీర్పు ఇచ్చేసింది.

నాకు నిద్ర పట్టలేదు. తుపాకులకు ఎదురెళ్లి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతికీ, తమ్ముడు అక్క మీద చెప్పే ఫిర్యాదుకూ ఒకే మాట ఏమిటి? పుస్తకాల్లో ఆ మాట తీసేసి తిరుగుబాటు అని రాస్తే పోదా? శుక్రవారం లోపు నోట్సు చూపించాలట. "పితూరీ అనగానేమి?" అని ప్రశ్న ఉంది. ఏం రాయించమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను
తిరుగుబాటు అని రాయించండి, ఒక మార్కు వస్తుంది. మిగతాది పెద్దయ్యాక తెలుసుకుంటుంది.

తెలుగు మేష్టారు
నాలుగో లైను గారూ, అడిగిన పిల్లకి మార్కు ఇచ్చి పంపేస్తే ఎలాగండీ. మంచి ప్రశ్న అడిగింది.

పితూరీ మన మాట కాదు. ఉర్దూ 'ఫితూర్' నుంచి వచ్చింది. గడబిడ, అలజడి, కుట్ర అని అర్థం. నవాబుల కాలం నుంచి కచేరీల్లో వాడుతున్న మాట, కంపెనీ దొరలు కూడా అలాగే తీసుకుని ఇంగ్లీషు కాగితాల్లో ఫితూరీ అనే రాసుకున్నారు. గోదావరి ఏజెన్సీలో ఎప్పుడు అలజడి రేగినా జిల్లా రికార్డుల్లో అదే మాట. మన పుస్తకాల్లోకి అక్కణ్నుంచే దిగింది.

సత్యనారాయణపురం శ్రీను
అంటే దొర పెట్టిన పేరన్నమాట. ఇంకా మంట పుట్టింది మేష్టారూ.

లాలాపేట భాయ్
మా ఇంట్లో ఇప్పటికీ రోజూ వినబడే మాట ఇది. మా అబ్బాయి అర్ధరాత్రి బైకేసుకుని సూర్యలంక బీచికి పోదామంటే మా అమ్మీ "ఇస్కే దిమాగ్ మే ఫితూర్ హై" అంటుంది. బుర్రలో పురుగు తొలిచిందని అర్థం. అరబ్బీ మూలంలో ఇంకోటి ఉంది. అక్కడ ఫుతూర్ అంటే నీరసం, సడలిపోవడం. సడలడం నుంచి గడబిడకి, గడబిడ నుంచి కుట్రకి, ఉర్దూ దాటి మీ దగ్గరికొచ్చేసరికి తిరుగుబాటుకి. చివరికి శ్రీను గారబ్బాయి నోట్లో పడింది.

కొండపల్లి బొమ్మ
భాయ్, ఇంతకీ బీచికి వెళ్లనిచ్చారా లేదా?

లాలాపేట భాయ్
అమ్మీ మాట దాటి ఎవరు వెళ్తారమ్మా.

తెనాలి సుబ్బలక్ష్మి
శ్రీను బాబూ, మీ అమ్మగారు చెప్పింది తప్పు కాదు. కాని చాడీకీ పితూరీకీ తేడా ఉంది. ముప్ఫై ఏళ్లు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాను, రోజుకి యాభై పితూరీలు విన్నాను కాబట్టి చెబుతున్నా.

చాడీ ఎవరికైనా చెప్పచ్చు. పంపు దగ్గర పక్కింటావిడకి ఎదురింటావిడ మీద చెబితే చాడీ. కొండెం అంటే అందులో విషం ఉంటుంది, ఇద్దరి మధ్య నిప్పు పెట్టాలనే చెబుతారు. పితూరీ అలా కాదు. అది పైకి వెళ్లాలి. నాన్నకి, టీచరుకి, మేనేజరుకి, కలెక్టరుకి. శిక్ష వేయగలిగిన మనిషి చెవిలో పడితేనే పితూరీ. నా క్లాసులో ఒకటో తరగతి పిల్ల ఒకతె ఉండేది. వేలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, "టీచర్, వీడు నా రబ్బరు కొరికాడు" అనేది. కొరికిన రబ్బరు సాక్ష్యంగా అరచేతిలో పట్టుకుని మరీ వచ్చేది. అదీ పితూరీ. పక్కపిల్లతో ఎప్పుడూ చెప్పేది కాదు, నాకే చెప్పాలి.

కాబట్టి రెండు అర్థాల్లోనూ పైన ఒక అధికారి ఉన్నాడు చూడండి. రంపాలో ఆయన మీదికి వెళ్లారు, మా క్లాసులో ఆయన దగ్గరికి వెళ్తున్నారు.

తెలుగు మేష్టారు
సుబ్బలక్ష్మి గారూ, ఇన్నేళ్లలో నాకు తట్టలేదండీ ఇది. దీన్ని పట్టుకుని ఒక మాట అంటాను. దొర కూర్చునే చోటుకి తిరుగుబాటు ముందు కబురుగానే వస్తుంది. "ఫలానా ముఠాలో ఫలానావాడు జనాన్ని కూడగడుతున్నాడు" అని ఎవడో వచ్చి చెబుతాడు. కుట్రా పితూరీయే, ఆ కుట్ర గురించి మోసుకొచ్చిన కబురూ పితూరీయే. తిరుగుబాట్లు ఆగిపోయాయి. కబుర్లు మోసేవాళ్లు మిగిలారు. "పితూరీలు మోయకు" అంటామే కాని "పితూరీ చేయకు" అని ఇప్పుడెవరూ అనరు కదా. నాకు తోచిన దారి ఇది.

బ్రాడీపేట నాలుగో లైను
మోయడం అనే మాట దగ్గర భలే పట్టుకున్నారు మేష్టారూ. నా ఒక మార్కు సలహా వెనక్కి తీసుకుంటున్నా.

మిర్చియార్డు మేస్త్రీ
మేష్టారు ఫలానా ముఠాలో అన్నారు. ముఠా అంటే మా దగ్గర బస్తాలు మోసే జట్టు. నా కింద ముఠాలో పద్దెనిమిది మంది ఉన్నారు. రంపాలో కూడా ముఠాలున్నాయా?

మన్యం పోస్టింగు
ఉన్నాయి మేస్త్రీ గారూ. ఏజెన్సీలో ముఠా అంటే కొన్ని ఊళ్ల కట్ట. దాని మీద పెత్తనం ముఠాదారుది. మీరు జట్టుకి పెద్ద, ఆయన ఊళ్లకి పెద్ద. పేపర్లో మాత్రం "దొంగల ముఠా అరెస్టు" అని చదువుతాం. ఆ మాట కూడా పితూరీ లాగే దిగజారింది, యార్డులో మీరే దానికి గౌరవం నిలబెట్టారు.

నాది గుంటూరే. మొదటి ఉద్యోగం రంపచోడవరం వైపు వచ్చింది, నాలుగేళ్లు ఉన్నాను. శ్రీను గారూ, ఆ మాట తీసేయాలి అన్నారు కదా, దానికి నేను ఒప్పుకోను. అసలు అక్కడ ఏం జరిగిందో మీ అమ్మాయికి చెప్పండి, మాట దానంతటదే బరువెక్కుతుంది.

కొండ మీద జీలుగు కల్లు మనకి సాయంత్రం తాగే సరదా లాంటిది కాదు. కొన్ని నెలలు అదే తిండి. దాని మీద మన్సబుదారు, అంటే ఆ కొండలకి జమీందారు లాంటివాడు, చిగురుపన్ను వసూలు చేశాడు. పైనుంచి సర్కారు ఇంటి అవసరానికి కూడా కల్లు గీసుకోకూడదని చెప్పి గుత్తకిచ్చింది. పల్లం నుంచి వచ్చిన షావుకార్లు అప్పు పత్రాలు రాయించుకుని, కోర్టు డిక్రీ తెచ్చి పశువులనీ పంటనీ తోలుకుపోయేవాళ్లు. కొండ దిగి కోర్టుకి రావడం తెలియని మనిషి మీద కోర్టు తీర్పు! 1879 మార్చిలో రాజుకుంది. ఏప్రిల్‌కల్లా విశాఖ జిల్లా గొల్కొండ కొండలకీ, జులైకి భద్రాచలం తాలూకాకీ పాకింది. ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి, కారం తమ్మన్న దొర. ఈ మూడు పేర్లు నోట్సులో ఉన్నాయో లేదో చూడండి.

నేను అద్దెకున్న ఇంటాయన ముసలాయన. కల్లు లొట్టి పక్కన పెట్టుకుని, వాళ్ల తాత దగ్గర విన్న సంగతులు చెప్పేవాడు. "అది పితూరీ నాటి మాట బాబూ" అని మొదలుపెట్టేవాడు. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించేవాడు కాదు. దొర పెట్టిన పేరే కావచ్చు, కాని తర్వాత దాన్ని వాళ్లు ఉంచుకున్నారు. మనం విజయవాడలో కూర్చుని మీ మాట బాగోలేదు, మార్చేస్తాం అంటే ఎలా?

సత్యనారాయణపురం శ్రీను
మీరు రాసింది అమ్మాయికి చదివి వినిపించాను. చిగురుపన్ను అనగానే "చిగురుకి కూడా పన్నా?" అంది. నోట్సులో చంద్రయ్య పేరు ఒక్కటే ఉంది. మిగతా రెండు పక్కన పెన్సిల్‌తో రాసుకుంది.

కొండపల్లి బొమ్మ
నేను మాత్రం శ్రీను గారి మొదటి మాటకే ఓటేస్తా. పెట్టిన పేరు మొయ్యాల్సిన పనేముంది? 1857ని వాళ్లు సిపాయిల తిరుగుబాటు అన్నారు, మనవాళ్లు ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అన్నారు. పేరు మార్చుకోలేదా? ఏజెన్సీ వాళ్లకి మాత్రం ఎందుకు ఉండకూడదు సంగ్రామం అనే పేరు?

మన్యం పోస్టింగు
ఉండకూడదని నేననలేదమ్మా. వాళ్లు అడిగితే ఇద్దాం. మన సొంతంగా మార్చొద్దంటున్నా.

కొండపల్లి బొమ్మ
అది ఒప్పుకుంటా. కాని పాఠంలో ఒక వాక్యమైనా ఉండాలి, ఈ మాట అధికారులది అని. లేకపోతే పిల్లలందరూ శ్రీను గారమ్మాయి లాగే అనుకుంటారు.

పాతపేపర్
నేను పేపరు డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. మీ గొడవ పితూరీతో, నా గొడవ జీవితమంతా తిరుగుబాటుతోనే. ఇంగ్లీషు వాడు మ్యుటినీ, రివోల్ట్, రెబెలియన్, ఇన్సరెక్షన్, అప్‌రైజింగ్, కూ అని ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకున్నాడు. మా చేతిలో ఉన్నది ఒకటే, తిరుగుబాటు.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్ సంగతి జరిగింది. "మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు" అని పేపర్లన్నీ రాశాయి. మర్నాడు పొద్దున్నే మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన పేపరు మడిచి నా ముందు పెట్టి, "సైనికులు ఎవరి మీద తిరగబడ్డారండీ, వాళ్ల పైఆఫీసర్ల మీదా?" అని అడిగాడు. ఆయన అడిగింది సరైన ప్రశ్న. అక్కడ సైన్యాధిపతే ప్రభుత్వాన్ని దించి కుర్చీ లాక్కున్నాడు. 1806లో వేలూరు కోటలో సిపాయిలు దొరల మీద తిరగబడ్డారు, 1946లో బొంబాయిలో నావికులు తిరగబడ్డారు. కింద ఉన్నవాడు పైవాడి మీద లేచాడు, అది తిరుగుబాటు. తుపాకులన్నీ చేతిలో ఉన్నవాడు ఓటేసిన జనం మీదకి వస్తే దానికీ అదే మాట వాడితే నాకు కడుపు మండుతుంది. దాన్ని అధికారం లాక్కోవడం అని రాయాలి. హెడ్డింగులో పట్టదు అనేవాళ్లు. పట్టకపోతే అక్షరం చిన్నది చెయ్యి అనేవాణ్ని.

బ్రాడీపేట నాలుగో లైను
"సైనిక కుట్ర" అని కూడా రాస్తారు కదా సార్.

పాతపేపర్
రాస్తారు. అది కొంచెం నయం. కాని కుట్ర అంటే చాటుగా చేసేది. టాంకులతో పట్టపగలు వస్తే చాటు ఏముంది?

కాలువగట్టు రాజు
ఎలక్షన్లొస్తే చాలు "తిరుగుబాటు అభ్యర్థి", "తిరుగుబాటు బావుటా ఎగరేసిన మాజీ". టికెట్ రానందుకు ఇండిపెండెంటుగా నామినేషన్ వేస్తే అది తిరుగుబాటా? అల్లూరి సీతారామరాజుకీ వీళ్లకీ ఒకే మాటా?

పాతపేపర్
నేనే ఎన్నిసార్లు రాశానో రాజూ. ఇప్పుడు చదువుకుంటే బాధగానే ఉంటుంది. దానికి రెబల్ అనే మాట చాలు. రెబల్ అంటే తెలుగువాళ్లకి వెంటనే గుర్తొచ్చేది రెండే, కృష్ణంరాజు గారు, నామినేషన్ వెనక్కి తీసుకోని అభ్యర్థి.

తిరగమోత
పేరు పిలిచినట్టుంది, వచ్చేశా. నాకు ఎప్పట్నుంచో సందేహం. మా గుంటూరులో పోపుని తిరగమోత అంటాం. దీనికీ తిరుగుబాటుకీ చుట్టరికం ఉందా? ఆవాలు చిటపటలాడి మూకుడులోంచి బయటికి దూకడం చూస్తే ఉందనే అనిపిస్తుంది.

తెలుగు మేష్టారు
ఆవాల సంగతి మీకే బాగా తెలుసు కాని, తిరుగుబాటు కథ చెబుతాను. తిరుగు అనే క్రియకి పడు చేర్చితే తిరగబడు. ఆ పడు నామవాచకం అయితే పాటు. సమాసంలో ప తగ్గి బ అవుతుంది, అందుకే తిరుగుబాటు. ఇదే తోక ఉన్నవి చూడండి, తడబాటు, సర్దుబాటు, వెసులుబాటు, కట్టుబాటు. కట్టుబాటూ తిరుగుబాటూ ఒకే అచ్చులో పోసిన మాటలు, ముందు క్రియ ఒక్కటే వేరు.

తిరుగు అనే క్రియ ఎన్ని పనులు చేస్తుందో! జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. లారీ తిరగబడుతుంది. ఊరంతా తిరిగేవాడు తిరుగుబోతు. మొహం అటు పెట్టుకుని పోతున్న మనిషి ఆగి మనవైపు తిరిగితే, అక్కడ ఎదురు తిరగడం మొదలవుతుంది. ఈ మాటలో నాకు నచ్చేది ఆ ఒంటి కదలిక. కత్తి లేదు, జెండా లేదు. వీపు చూపించేవాడు మొహం చూపించాడు, అంతే.

తెనాలి సుబ్బలక్ష్మి
గదిలో పెట్టి కొడితే పిల్లి అయినా తిరగబడుతుంది అనేది అందుకే కదండీ. పిల్లి వెళ్లిపోదామనే చూస్తుంది, తలుపు మూసేస్తేనే తిరుగుతుంది.

సిద్దిపేట కోడలు
మా వైపు మర్లబడుడు అంటం. మర్లుడు అంటే తిరుగుడే. పెళ్లై గుంటూరు వచ్చిన కొత్తలో "పనిమనిషి జీతం గురించి మర్లబడ్డది" అన్నా మా అత్తగారితో. ఆవిడ పాపం, పని మానేసి మళ్లీ వచ్చిందనుకుని సంతోషపడ్డారు.

తిరగమోత
పనిమనిషి వచ్చిందా చివరికి?

సిద్దిపేట కోడలు
జీతం పెంచినంక వచ్చింది.

పల్నాటి పుల్లరి
నా పేరు చూశారుగా, నా వంతు. తిరుగుబాటు అంటే కత్తులూ తుపాకులే అనుకుంటే మన గుంటూరు జిల్లా లెక్కలోకి రాదు. 1921, 22ల్లో పల్నాడులో అడవిలో పశువులు మేపుకున్నందుకు వేసిన పన్ను పుల్లరి. కట్టం అన్నారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు దానికే పోలీసు కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారు శాంతిసేనని పెట్టి ఊళ్లకి ఊళ్లు శిస్తు కట్టకుండా నిలబెట్టారు. దాన్ని పితూరీ అనలేదు, తిరుగుబాటు అనలేదు. పన్నుల సహాయ నిరాకరణ అన్నారు. అదే 1922లో ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద సీతారామరాజు దాడి చేస్తే మళ్లీ పితూరీ. అదే దొర, అదే ఏడాది, పేర్లు వేరు.

బ్రాడీపేట నాలుగో లైను
వేరే పేరు ఉండాలి కదన్నా. ఇక్కడ శిస్తు కట్టకుండా కూర్చున్నారు, అక్కడ స్టేషన్ మీద పడి 26 తుపాకులు పట్టుకెళ్లారు. కట్టకపోవడం వేరు, తిరగబడటం వేరు.

పల్నాటి పుల్లరి
తమ్ముడూ, ప్రాణం పోయేటప్పుడు హనుమంతుకి ఆ తేడా కనబడి ఉంటుందా? సర్కారు దృష్టిలో చెయ్యి చాచితే పైసా రాకపోవడం కంటే పెద్ద తిరుగుబాటు లేదు.

చీరాల చేనేత
మా చీరాల కూడా అప్పుడు గుంటూరు జిల్లాయే. చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్ను పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఊరే వదిలేశారు. బయట పాకలు వేసుకుని రామనగరం అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఉన్నారు. ఎండా వానా అక్కడే. మేష్టారు మొహం తిప్పడం అన్నారు, మావాళ్లు వీపు తిప్పి వెళ్లిపోయారు. అదీ తిరగడమే కదా మేష్టారూ?

తెలుగు మేష్టారు
తిరగడమే. నా నిర్వచనం సరిపోలేదు, ఒప్పుకుంటున్నాను.

మిర్చియార్డు మేస్త్రీ
నాది చిన్న సంగతి. మూడేళ్ల కింద ఒక ఆసామి దగ్గర మా ముఠా బస్తాకి కూలి పెంచమని అడిగింది. ఇవ్వనన్నాడు. మావాళ్లు కొక్కేలు నడుముకి దోపుకుని లారీ పక్కన నీడలో కూర్చున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఎండ పెరిగేకొద్దీ మిరపకాయ ఘాటు పైకి లేస్తుంది, అందరం తుమ్ముకుంటూ కూర్చున్నాం. ఆసామి మాత్రం ఫోన్లో ఎవరికో "కూలోళ్లు తిరగబడ్డారు" అని చెబుతున్నాడు. మేము కూర్చునే ఉన్నాం! రెండింటికి ఒప్పుకున్నాడు, మూడింటికి లారీ నిండింది. ఆ మాట మాత్రం నాకు గుర్తుండిపోయింది. సర్కారుకి ఏది తిరుగుబాటో పుల్లరి అన్న చెప్పింది అందుకే నాకు బాగా ఎక్కింది.

లాలాపేట భాయ్
మేస్త్రీ గారూ, మీ సంగతి వింటే ఇంకో మాట గుర్తొచ్చింది. అరబ్బీలో గద్ర్ అంటే నమ్మకద్రోహం. ఉర్దూలో 1857ని గదర్ అన్నారు, అంటే పాలించేవాడి వైపు నుంచి పెట్టిన పేరే. 1913లో అమెరికాలో మనవాళ్లు పార్టీ పెట్టుకుని దానికి గదర్ అనే పేరే ఎంచుకున్నారు, పత్రిక పేరు కూడా అదే. కనిగిరి నుంచి చదువుకోను వెళ్లిన దరిశి చెంచయ్య గారు అందులో చేరారు. మీరు ద్రోహం అంటున్నది మేము చేసి తీరతాం అని ఆ పేరు గుండెకి తగిలించుకున్నారు. అదే మాటలో ద ఒత్తూ, దీర్ఘమూ పెరిగి గద్దార్ అయితే ద్రోహి అనే తిట్టు. పితూరీని ఆ కొండమీది తాత ఎలా ఉంచుకున్నాడో, ఇదీ అంతే.

కొండపల్లి బొమ్మ
భాయ్, ఇది చదివాక నా మొండితనం కొంచెం తగ్గింది. పేరు మార్చకపోయినా పర్లేదు. కాని ఎవరు పెట్టారో చెప్పే ఆ ఒక్క వాక్యం కావాలి, అది మాత్రం వదలను.

కాలువగట్టు రాజు
విప్లవం సంగతి ఎవరూ ఎత్తలేదేం?

తెలుగు మేష్టారు
సంస్కృతంలో విప్లవం అంటే ముంచెత్తడం, ఉపద్రవం. ప్లు అనే ధాతువు నీళ్లలో తేలడానికి సంబంధించింది. మంచి అర్థం తర్వాత వచ్చింది. ఇప్పుడు హరిత విప్లవం, క్షీర విప్లవం కూడా ఉన్నాయి. బుడమేరు పొంగినప్పుడు మన సింగ్‌నగర్‌లో పాత అర్థమే చూశాం.

కాలువగట్టు రాజు
మేష్టారూ, మాది సింగ్‌నగరే. మేడ మీద మూడు రోజులు కూర్చున్నాం. ఆ మాట ఇక అలాగే గుర్తుంటుంది.

సత్యనారాయణపురం శ్రీను
అందరికీ చెప్పాలని వచ్చాను. అమ్మాయి జవాబు తనే రాసుకుంది. నేను ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. ఇలా ఉంది:

"పితూరీ అనగా తిరుగుబాటు. ఇది ఉర్దూ మాట. అధికారులు పెట్టిన పేరు. 1879లో రంపాలో చిగురుపన్ను, కల్లు గుత్తలు, షావుకార్ల అప్పుల వలన జరిగింది. ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి, కారం తమ్మన్న దొర నాయకులు. ఇప్పుడు ఇంట్లో పితూరీ అంటే పెద్దవాళ్లకి ఫిర్యాదు చేయడం."

టీచరు టిక్కు పెట్టి, అధికారులు పెట్టిన పేరు అన్నచోట కింద గీత గీసి "ఎవరు చెప్పారు?" అని రాశారట. ఏం చెప్పావమ్మా అంటే, "కొండపల్లి బొమ్మ అని చెప్పాను" అంది.

కొండపల్లి బొమ్మ
అయ్యో తల్లీ! సెలవుల్లో ఒకసారి మా ఊరు తీసుకురండి శ్రీను గారూ, దానికి నచ్చిన బొమ్మ ఇప్పిస్తాను.

తెనాలి సుబ్బలక్ష్మి
మీ అమ్మగారు ఏమన్నారు బాబూ?

సత్యనారాయణపురం శ్రీను
నోట్సు అంతా చదివించుకుని విన్నదండీ. చివరి వాక్యం దగ్గర "నేను చెప్పింది కూడా రాసిందిగా" అంది. మావాడు మాత్రం అప్పుడే వచ్చి, అక్క నోట్సులో తన గురించి రాసిందని నాకు పితూరీ చెప్పాడు.